కార్డుల పెట్టెలో ఎర్రన్న మట్టు

నేను ఒక వేపచెక్క పెట్టెను. నా పలకలు అతికిన పొద్దున ఆకాశం నిండా మబ్బు కమ్ముకొని ఉండింది గానీ, వాన మాత్రం ఎప్పటిలాగే మా తాలూకా మీదుగా నడుచుకుంటూ పోయి ఎక్కడో దూరాన పడింది. మా వైపు మబ్బు చూసి ఎవరూ మంచాలు లోపలికి లాక్కోరు. నన్ను చేసిన వడ్ల మౌనాచారి కూడా ఒకసారి తలెత్తి చూసి, "పోయేదే" అని మళ్ళీ చిత్రిక అందుకున్నాడు.

నన్ను చేయమన్నది రుద్రమూర్తి సారు. అప్పటికి కుర్రవాడు. మా టౌను డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పడానికి కొత్తగా వచ్చాడు. చేతిలో ఒక పోస్టుకార్డు పట్టుకొని, ఇది నిలబడేంత పెట్టె కావాలన్నాడు.

"ఏం పోస్తారు సార్ దీంట్లో? పోపుగింజలా?" అన్నాడు మౌనాచారి.

"కార్డులప్పా."

"ఇన్ని కార్డులు ఎవరికి రాస్తారు? పెండ్లి కుదిరిందా ఏం?"

సారుకు చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరికీ రాసేవి కాదు. నేను తెలుసుకున్నవి రాసి పెట్టుకునేవి."

"తెలుసుకున్నదంతా పెట్టెలో పెడితే ఇంక తలకాయ ఎందుకు సార్?" అని నవ్వి, మౌనాచారి పోస్టుకార్డును అరచేతిలో పెట్టుకొని చూసుకున్నాడు. బెత్తెడు, పైన రెండు వేళ్ళు. అంతే కొలత. టేపు అవసరం లేదన్నాడు. అయితే మౌనాచారి చేతివేళ్ళు ఒక్కొక్కటీ అరటికాయంత ఉండేవి. అందుకని నేను ఉండాల్సినదానికంటే లోతుగా పుట్టాను. కార్డులు నాలోకి దిగితే పైకి కనబడవు, వేళ్ళు ముంచి తడుముకోవాలి. సారు ఆ సాయంత్రమే అది కనిపెట్టాడు. మొగమాటం కొద్దీ మౌనాచారితో అనలేదు. ముప్పై ఏళ్ళు వేళ్ళు ముంచి తడుముకుంటూనే గడిపాడు.

సారుకు మా తాలూకా సంతల మీద పెద్ద పరిశోధన చేయాలని ఉండేది. ఆదివారమొచ్చినా సోమవారమొచ్చినా ఏదో ఒక సంతకు పోయి, ఎడ్లు ఎక్కడినుంచి వచ్చాయి, కుండలు ఎక్కడికి పోతున్నాయి అని అడిగి రాసుకొచ్చేవాడు. అరవై కార్డులు అయ్యాయి. తర్వాత ఆయనకు దారి చూపించే ప్రొఫెసరు వేరే ఊరికి పోయాడు. ఇంట్లో తండ్రి పోయాడు. తమ్ముళ్ళ చదువులు వచ్చి మీద పడ్డాయి. ఒకరోజు ఆ అరవై కార్డులకూ దారం చుట్టి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేశాడు. ఆయన భార్య నాలో గుండీలు, హుక్కులు, ఒక విరిగిన కళ్ళజోడు పెట్టుకుంది. చెడ్డ మనిషి కాదు. కానీ కార్డుల కోసం పుట్టినదానికి గుండీలు పోస్తే కడుపు నిండదు. అట్లా తొమ్మిదేళ్ళు.

నేను కాలేజీ మొహం చూసింది సముద్రం పుణ్యాన. ఆ ఏడు సారు పిల్లలను ఒక పేపర్ రాసుకు రమ్మన్నాడు, మన జిల్లా వ్యవసాయం గురించి. ముప్పై రెండు మంది రాసుకొచ్చారు. ముప్పై రెండు మందీ మన జిల్లాకు పొడవైన సముద్రతీరం ఉందనీ, చేపల వేట ప్రధాన వృత్తి అనీ రాశారు. ఎక్కడో కోస్తాలో అచ్చయిన గైడు ఒకటి అందరి చేతులూ మారింది.

"సముద్రం చూసినోళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు సారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. "పోనీ, రాసేటప్పుడు ఒకసారి కిటికీలోంచి బయటికి చూసినోళ్ళు?"

ఆ రోజు ఇంటికొచ్చి గుండీలన్నీ మంచం మీద కుమ్మరించాడు. "ఇవి యాడ పెట్టుకోవాల నేను?" అని భార్య అరుస్తూనే ఉంది. మరుసటి రోజు నేను క్లాసులో బల్ల మీద ఉన్నాను.

సారు పద్ధతి పెద్దదేమీ కాదు. కొత్త చొక్కా మడతలో తెల్ల అట్ట పెడతారు చూడండి, బట్టల అంగడికి పోయి అడిగి అవి తెచ్చుకోవాలి. పోస్టుకార్డు కొలతకు కత్తిరించుకోవాలి. ఒక కార్డు మీద ఒక్క సంగతే రాయాలి. కార్డు తిప్పి, ఆ సంగతి ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ తేదీయో రాయాలి. పుస్తకంలో చదివినదైతే పుస్తకం పేరు, రాసినాయన పేరు, ఎన్నో పేజీ. వెనక ఖాళీగా ఉన్న కార్డును సారు చేత్తో ముట్టేవాడు కాదు. కార్డులు పోగయ్యాక నేల మీద పరిచి, ఏది ముందు, ఏది వెనక అని జరిపి జరిపి చూసుకోవాలి. అప్పుడుగానీ తెల్లకాగితం మీద కలం పెట్టకూడదు. పేపర్ పూర్తయ్యాక ఇంకొక పని. అందులో సంగతులు చెప్పినవాళ్ళ దగ్గరికి పోయి మొత్తం చదివి వినిపించాలి. వాళ్ళు సరే అన్నాకే పేపర్ ఊరు దాటాలి.

ఇదంతా పిల్లలకు పెద్ద తద్దినంలా ఉండేది.

"నా టాపిక్ భారతదేశ వ్యవసాయం సార్," అన్నాడు ఒకడు.

"భారతదేశమంతా తిరిగొస్తావా నాయనా? బస్సు పాసుందా?"

క్లాసంతా నవ్వింది.

"మీ ఊర్లో ఎద్దులెన్ని?"

"తెలీదు సార్."

"అయితే ఎద్దుల కాడ మొదలుపెట్టు. భారతదేశం యాడికీ పోదులే."

అట్లా ఏటా జూలైలో నేను నిండేదాన్ని, ఏటా ఎండాకాలం పోయేలోగా ఖాళీ అయ్యేదాన్ని. పిల్లలు మార్కులు తీసుకొని కార్డులు నాలోనే వదిలిపోయేవాళ్ళు. సారు వాటిని కొన్నాళ్ళు ఉంచి, మనసొప్పక ఇంకొన్నాళ్ళు ఉంచి, చివరికి తీసి కట్టగట్టేవాడు. ఆయనకు ఒకటే కోరిక ఉండేది. మా కాలేజీ పిల్ల ఒకతో, పిల్లవాడు ఒకడో రాసిన పేపర్ అచ్చులో రావాలి. కింద చిన్న అక్షరాల్లో, ఈ సంగతి చెప్పినది ఫలానా ఊరి ఫలానా మనిషి అని పేరుండాలి. తాను చేయలేకపోయినది కనీసం తన క్లాసులోనుంచి బయటికి పోవాలి. ఈ మాట ఆయన పైకి అన్నది తక్కువ. నా మూత మీద చెయ్యి పెట్టుకొని కిటికీలోకి చూస్తూ కూచునేవాడు. చెయ్యి బరువును బట్టి నాకు తెలిసేది.

సారు ఇంకో ఏడాదిలో రిటైరవుతాడనగా చౌడేశ్వరి వచ్చింది.

టౌనుకు పన్నెండు మైళ్ళ దూరంలో ఒక ఊరు. బావులు తవ్వే ఇంటి పిల్ల. మాట తక్కువ. క్లాసులో గోడవైపు కూచునేది. తమ ఊరి బావుల మీద పేపర్ రాస్తానంది. మొదటి వారం తెచ్చిన కార్డులు ముందువైపు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉన్నాయి, వెనక మాత్రం అన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇవి ఎవరు చెప్పినారమ్మా?"

"తెలిసినాయనే సార్."

"ఆయనకు పేరు లేదా?"

పక్క బెంచీల్లో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల తల వంచుకుంది. అందరూ పోయాక బల్ల దగ్గరికి వచ్చి, నా అంచు మీద గోరుతో గీస్తూ చెప్పింది. "మా నాయన సార్. వేలిముద్ర వేస్తాడు. వేలిముద్ర మనిషి పేరు పేపర్లో పెడితే యూనివర్సిటీ వాళ్ళు నవ్వరా?"

"బావి లోతు ఎవరికి తెలుస్తాదమ్మా? సంతకం పెట్టినోనికా, దిగినోనికా?"

ఆమె అక్కడే బెంచీ మీద కూచుంది. ఒక్కొక్క కార్డూ తిప్పి, 'చెప్పినది: వల్లెపు గంగులప్ప, మా నాయన' అని రాసింది. చివరి కార్డుకు వచ్చేసరికి అక్షరాలు మొదటి కార్డు కంటే పెద్దవయ్యాయి.

దసరా సెలవులకు సారు నన్ను ఆమె చేతికిచ్చి పంపాడు. అట్లా నేను గంగులప్పను చూశాను.

పొట్టి మనిషి. భుజాలు మాత్రం ఇద్దరు మనుషులవి. బోరుబండ్లు వచ్చాక బావులు తవ్వించేవాళ్ళు లేక, ఇంటి ముందర కూచొని కట్టుబడి రాళ్ళు చెక్కుతున్నాడు. కూతురు నన్ను అరుగు మీద పెట్టుకొని అడిగేది.

"నాయనా, చింతల చేని బావి ఎన్ని మట్లు?"

"ఐదు."

"ఎవరు తవ్వింది?"

"మీ అబ్బ."

వాళ్ళు తాతను అబ్బ అంటారు. మట్టు అంటే నిలువెత్తు మనిషి లోతు, మా వైపు బావులకు అదే కొలత. గంగులప్ప అడిగినదానికి జవాబు చెప్తాడు, అడగనిది ఒక్కటి చెప్పడు. నలభై మూడు బావులు అట్లా రాయి మీద ఉలి దెబ్బకూ దెబ్బకూ మధ్య వచ్చి కార్డుల మీద కూచున్నాయి. ఒక పొద్దు ఆమె పేపర్‌కు సంబంధం లేని మాట అడిగింది.

"నాయనా, అబ్బ ఎట్లుండేవాడు?"

అబ్బ పేరు ఎర్రన్న. పోయి ముప్పై ఏళ్ళు. ఫోటో లేదు. గంగులప్ప ఉలి ఎత్తి పట్టుకొని ఉండిపోయాడు.

"పొడుగు," అన్నాడు. ఇంకేదో చెప్పేవాడిలా నోరు తెరిచాడు. మళ్ళీ రాయి మీదికి వంగాడు.

సంక్రాంతి దాటాక పేపర్ తయారైంది. అబ్బ కాలంలో తవ్విన బావుల్లో ఐదు మట్లకు నీళ్ళు పడ్డాయి. నాయన కాలం వచ్చేసరికి ఎనిమిది మట్లు పోతేగానీ పడలేదు. మట్టుకు ఆరడుగుల లెక్కన, ముప్పై ఎక్కడ, నలభై ఎనిమిది ఎక్కడ? ఒక్క తరంలో నీళ్ళు పద్దెనిమిది అడుగులు కిందికి పోయాయి. సారు ఆ పద్దెనిమిది కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. తొందరలో రెండో గీత వంకర పోయింది.

యూనివర్సిటీలో విద్యార్థుల సదస్సు ఒకటి ఉంది. ముందు చిన్న వివరం పంపితే, బాగుంది, పూర్తి పేపర్ పంపండి, అచ్చు వేసే పుస్తకంలో చేరుస్తాం అని జవాబు వచ్చింది. పోస్టు చేయడానికి గడువు మార్చిలో ఒక సోమవారం. ఆ నెలాఖరుకే సారు రిటైరు. ఆ ఉత్తరాన్ని ఆయన నాలో పెట్టి, తీసి చదివి, మళ్ళీ పెట్టాడు. ఒక్క రోజులో నాలుగు సార్లు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా కాగితంలో రాసింది మారిపోతుందేమో అని తిరిగి తిరిగి చూసుకుంటారు.

ఇంక మిగిలింది చెప్పినవాళ్ళకు చదివి వినిపించడం. గడువు ముందు ఆదివారం సారు బస్సెక్కి ఆ ఊరొచ్చాడు. చేతిలో కవరు, దాని మీద స్టాంపులు కూడా అతికించేసి ఉన్నాయి. గంగులప్ప భార్య నారాయణమ్మ చాప పరిచి, లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. గంగులప్ప ఉలి పక్కన పెట్టి, చేతులు కట్టుకొని కూచున్నాడు. చౌడేశ్వరి నన్ను ఒళ్ళో పెట్టుకొని చదవడం మొదలుపెట్టింది. తన పేరు వచ్చినప్పుడల్లా ఆయన నేలచూపులు చూశాడు.

"మట్టు ఒకటికి ఆరడుగుల చొప్పున..." అని చదువుతుండగా, "ఏ మట్టు?" అన్నాడు.

"మట్టు నాయనా. మనిషి లోతు."

"ఏ మనిషి?"

చౌడేశ్వరి కాగితం నుంచి తలెత్తింది. లోపల పొయ్యిలో కట్టె చిటపటమనడం వినబడింది.

గంగులప్ప లేచి గోడకు ఆనుకొని నిలబడి, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు. "ఇది నా మట్టు. మేస్త్రీ ఇట్లా నిలబడి చెయ్యెత్తితే వేలికొనకు ఎంతైతే అంత. పైనుంచి అంత దిగినాక రాతిలో ఉలితో ఒక గాటు. మళ్ళా ఆ గాటు వేలికి అందనంత లోతు పోతానే ఇంకొక గాటు. మేస్త్రీ మారితే మట్టు మారుతుంది. మా నాయనది దీనికన్నా శానా పైకి. కొన్ని బావులు తవ్విన సుంకన్న జట్టుది ఇంకొక తీరు."

"ఇన్ని దినాలు చెప్పలేదే నాయనా!"

"నువ్వడగలేదు కదమ్మీ. ఎన్ని మట్లని అడిగినావు."

నన్నడిగి ఉంటే నేను చెప్పేదాన్ని. మౌనాచారి రెండు వేళ్ళు ఎంత లోతో ముప్పై ఏళ్ళుగా నా ఒంట్లోనే ఉంది. కానీ పెట్టెనెవరు అడుగుతారు?

సారు కళ్ళజోడు తీసి తుడుచుకొని పెట్టుకున్నాడు. కాగితం అంచున ఎర్ర పెన్సిలుతో ఏవో లెక్కలు వేశాడు. పద్దెనిమిది నిలబడలేదు. అది ఎంతకు తగ్గుతుందో, అసలు తగ్గుతుందో లేదో తెలియాలంటే, ఎర్రన్న మట్టు తెలియాలి, సుంకన్న మట్టు తెలియాలి. నలభై మూడు బావులకూ పోయి గాట్లు కొలవాలి. సోమవారం అంటే రేపే.

ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పటికి ఇట్లనే పంపుదామమ్మా. కొలతలు సుమారుగా అని ఒక ముక్క చేరుద్దాం. నిదానంగా సరిచేసుకోవచ్చు. ఎవరికి తెలుస్తుంది?"

నేను ఆయన నోట అట్లాంటి మాట వినడం అదే మొదలు. తప్పు పట్టలేను. ఆ కవరు బరువు ముప్పై ఏళ్ళు.

చౌడేశ్వరి కాగితాలు పక్కన పెట్టింది. నాలో వేళ్ళు ముంచి ఒక తెల్ల కార్డు తీసింది. 'మట్టు ఒకటికి ఆరడుగులు' అని రాసింది. కార్డు తిప్పి, పెన్ను పట్టుకొని సారు ముఖంలోకి చూసింది. ఏడాదిలో ఆమె ఆయన కళ్ళలోకి చూడడం అదే మొదటిసారి.

"వెనక ఏం రాయాల సార్? ఎవరు చెప్పినారని?"

చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఆమె అనుకుంది, సారు సరే అన్నాడు. అంతే.

సారు ఆ కార్డు వైపు చూశాడు. తర్వాత చాప మీది కవరును మధ్యకు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మడతలో స్టాంపు ఒకటి నలిగింది.

"మోకు ఉందా గంగులప్పా?" అన్నాడు.

చింతల చేని బావి ఊరికి ఉత్తరాన. నీళ్ళు ఎప్పుడో ఎండిపోయాయి. అడుగున పూడిక, దాంట్లో ఒక గచ్చపొద. పైన కట్టుబడి రాళ్ళు, కింద అంతా సుద్ద. గోడలోంచి పొడుచుకు వచ్చిన మెట్ల రాళ్ళ మీద గంగులప్ప, నడుముకు మోకు చుట్టుకొని, ఇంటి గడప దిగినంత సులువుగా దిగాడు. చౌడేశ్వరి మోకు రెండో కొస పట్టుకుంది. నన్ను గట్టు మీద పెట్టి మూత తెరిచింది. అందుకే నాకు అంతా కనిపించింది.

ఆయన సగం లోతు దిగి, సుద్దగోడ మీద ఎండిన నాచు గోకి, వెతికి, పిలిచాడు. "ఉంది."

గాటు ఉంది. దాని కింద ఇంకొకటి. కింది గాటుకు సమానంగా ఒక మెట్ల రాయి ఉంది. గంగులప్ప ఆ రాయి మీద గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. వాళ్ళ నాయన నిలబడినట్టే. కుడిచెయ్యి పైకెత్తాడు.

అందలేదు. మూరెడు తక్కువ.

పాదాల కొనల మీద లేచాడు. అయినా అందలేదు. అట్లాగే చెయ్యెత్తి, తల వెనక్కి వాల్చి, ఆ గాటు వైపే చూస్తూ నిలబడిపోయాడు. చాలా పెద్దవాడు ఎవరో పైన ఉంటే, ఎత్తుకొమ్మని చెయ్యి చాపిన బిడ్డలాగ.

"ఎంతొచ్చింది నాయనా?" అని పైనుంచి కూతురు అడిగింది. ఆయన చెయ్యి దించలేదు. సారు ఇంకోసారి పిలవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

కొంతసేపటికి ఆయన ఒక మెట్టు పైకెక్కి, గాటులో వేళ్ళు పెట్టి తడిమి చూశాడు. మోకును గాటుకూ గాటుకూ పట్టి ముడి వేసుకొని పైకొచ్చాడు. గట్టు మీద కూచొని, ఎవరినీ చూడకుండా అన్నాడు.

"ముఖం మరిచిపోయినా సార్. ఎంత తలుచుకున్నా రాదు. చెయ్యి గుర్తొచ్చింది."

టేపు పట్టి చూస్తే ఆ ముడుల మధ్య ఎనిమిది అడుగులు. గంగులప్ప మట్టు ఆరున్నర. లెక్క వేస్తే ఎర్రన్న బావి నలభై అడుగులు, గంగులప్ప బావి యాభై రెండు. నీళ్ళు పోయింది పద్దెనిమిది కాదు, పన్నెండు.

సోమవారం వచ్చి పోయింది. నెలాఖరుకు సారుకు శాలువా కప్పి, దండ వేసి, ఆయన సేవల గురించి ప్రిన్సిపాలు పావుగంట మాట్లాడాడు. సేవలు ఏమిటో మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత సారు ఆదివారం ఆదివారం బస్సెక్కి ఆ ఊరొచ్చేవాడు. రెండు ఎండాకాలాలు పట్టింది నలభై మూడు బావులకూ. మూడో ఏడు ఆ పేపర్ యూనివర్సిటీ వాళ్ళ పుస్తకంలో అచ్చయింది. పుస్తకం చేతికొచ్చినప్పుడు సారు పైనున్నదేదీ చదవకుండా, పేజీల అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు మాత్రం ఒక్కొక్కటే వేలు పెట్టుకొని చదివాడట. నేను చూడలేదు, చౌడేశ్వరి చెప్తే విన్నాను. అప్పటికి నేను ఆమె దగ్గరే ఉన్నాను. సారు ఇచ్చేశాడు.

ఇప్పుడాయన లేడు. పోయాక ఆయన భార్య ఒక సంచీ పంపించింది. అందులో వేలెడు ఎర్ర పెన్సిలు ముక్క, దారం చుట్టిన అరవై కార్డులు. సంతలవి. ఇన్నేళ్ళకు అవి నాలోకి తిరిగొచ్చాయి. దారం ఇప్పటికీ ఎవరూ విప్పలేదు.

చౌడేశ్వరి మేడం ఇప్పుడు వేరే ఊరి కాలేజీలో చెప్తుంది. నేను స్టాఫ్ రూములో బీరువా మీద ఉంటాను. పిల్లలు అన్నీ ఫోన్లలోనే రాసుకుంటారు. దుమ్ము నాకు అలవాటే. దుమ్ము కింద ఉన్నప్పుడు నేను ఒక చేతి కోసం ఎదురు చూస్తాను. కార్డు కనబడక, నా లోతులోకి వేళ్ళు ముంచి తడుముకునే చెయ్యి. మౌనాచారి కొలత తప్పు కాకపోయి ఉంటే ఆ చెయ్యి నాకు అంతసేపు దొరికేది కాదు.

ఏడాదికి ఒకసారి మేడం నన్ను దింపి క్లాసుకు తీసుకుపోతుంది. పోయిన జూలైలో ఒక పిల్ల నాలోంచి పాత కార్డు ఒకటి తీసింది. ముందువైపు, 'ఎర్రన్న మట్టు: ఎనిమిది అడుగులు' అని ఉంది. తిప్పి చూసింది.

"మేడం, దీని వెనక ఏమీ లేదే! ఖాళీగా ఉంటే ముట్టుకోనని మీరే కదా అంటారు?"

మేడం కార్డును కిటికీ వెలుగుకు పట్టి చూసింది. "ఖాళీ కాదులే. లోపల పెట్టు," అంది.

ఖాళీ కాదు. నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం బావి దగ్గరినుంచి ఇంటికొచ్చి, చౌడేశ్వరి అరుగు మీద కూచొని ఆ కార్డు ముందువైపు రాసింది. తిప్పి, పెన్ను ఆపి, "వెనక ఎవరు చెప్పినారని రాయాల నాయనా? నువ్వా? అబ్బనా?" అని అడిగింది. గంగులప్ప ఇంకా చెయ్యి కడుక్కోలేదు. గాటులో తడిమిన వేళ్ళకు సుద్ద తెల్లగా అంటుకొని ఉంది. కార్డు తీసుకొని, బొటనవేలు దాని మీద పెట్టి, నిదానంగా ఒత్తాడు. తెల్ల అట్ట మీద తెల్ల ముద్ర. చౌడేశ్వరి దాని పక్కన ఇంకేమీ రాయలేదు. సారు రాయమనలేదు. ఆ సుద్ద ఎప్పుడో రాలిపోయింది. రాలి ఎక్కడికి పోతుంది? నా అడుగు పలకల సందులోనే ఉంది.

తర్వాత నారాయణమ్మ అందరినీ లోపలికి పిలిచింది. సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. సారు పట్టుబట్టడంతో ఆమె కూడా కూచుంది. నలుగురూ నేల మీద, నేను చౌడేశ్వరి పక్కన. సారు చొక్కా జేబులోంచి మడిచిన కవరు కొన బయటికి కనబడుతూ ఉండింది. ఆయన దాన్ని లోపలికి తోయలేదు. గంగులప్ప ముద్ద చేతిలోకి తీసుకొని, వాకిలి దర్వాజా పైచెక్క వైపు చూశాడు. ఎవరో వంగి లోపలికి రావాల్సి ఉన్నట్టు. నారాయణమ్మ ఎవరూ అడగకుండానే ఐదో ముద్ద తెచ్చి మధ్యలో పెట్టింది. నలుగురూ తిన్నారు.